సీమోను లేస్తే తెర నల్లబడ్డది

సీమోనుకు రెండు పనులు మంచిగ వచ్చు. ఒకటి వంట, ఇంకోటి ముచ్చట. వంటకు షార్జాల జీతమిచ్చిన్రు. ముచ్చటకు మంచిర్యాలల ఎవ్వలు ఏమియ్యకున్నా ఆయన ఆపలే.

షార్జాల ఆయన ఒక ఏసీ కంపెనీల ఉన్నడు. ఏసీల కాడ గాదు, కంపెనీ కూలోళ్ళ క్యాంపుల, పొయ్యి కాడ. ఆ సంగతి మిషన్ కాంపౌండు సందుల అందరికీ ఎరుకే. గని ఎవ్వలూ ఆ మాట ఎత్తరు. ఎత్తితే ముచ్చట ఆగిపోతది, ముచ్చట ఆగితే ఆదివారం పొద్దు గడవది.

చర్చి అయినంక ఆదివారం పగటన్నం ఆయనకు చెల్లె ఎలీసబెతు ఇంట్లనే. తిన్నంక వరండాల నులక మంచం మీద కూసుంటడు. పక్కింటి భూమవ్వ తన పీట తనే తెచ్చుకుంటది. ఎదురింటి రాంచందర్, బొగ్గుబాయిల పని చేసి రిటైరైనాయన, మెట్టు మీద కూసుండి మోకాలు రుద్దుకుంటడు. ఎలీసబెతు చాయ్ పెడ్తది. ఇగ సీమోను మొదలు పెడ్తడు.

ఆ ఆదివారం మాత్రం ఇంకొకల్లు కూడ వచ్చి గడప మీద కూసున్నరు. ఎలీసబెతు బిడ్డ బ్లెస్సీ. ఆ పిల్ల మామ ముచ్చట్లకు ఎన్నడూ కూసోలే. డిగ్రీ అయిపోయి, ఇంటి కాడనే కంప్యూటర్ పెట్టుకొని దుకాణాలోళ్ళకు ఫ్లెక్సీలు డిజైన్ చేస్తది. పని అయినంక గేమ్ ఆడ్తది. ఉత్తగ ఆడుడు గాదు. అయిదుగురు ఒక జట్టు, తుపాకుల గేమ్, ఎక్కడెక్కడి జట్లతోనో పోటీలు. కరీంనగర్‌ల సంపత్ అనే పిలగాడు వాళ్ళకు కెప్టెన్.

బ్లెస్సీ పరేషాన్ ఏందంటే, గేమ్ మంచి జోరు మీద ఉన్నప్పుడు మానిటర్ ఒక్క రెప్పపాటు నల్లబడ్తది. మల్ల దానంతటదే వెలుగుతది. గా రెప్పపాటులనే అవుతలి జట్టోడు వచ్చి కాల్చిపోతడు. ఫ్లెక్సీ పని చేసుకుంటున్నప్పుడు గట్ల గాదు, సినిమా పెట్టినా గాదు. వైరు మార్చింది, ప్లగ్గు మార్చింది, స్టెబిలైజర్ పెట్టింది. దుకాణంల ఇస్తె రెండు రోజులు ఉంచుకొని, "మా కాడ ఒక్కపారి కూడ నల్లగ కాలేదు, మీ ఇంటి కరెంటు చూపించుకోండ్రి" అన్నరు. కరెంటాయన వచ్చి చూసి, "కరెంటు పాల లెక్క ఉన్నది, మానిటర్ చూపించుకోండ్రి" అని పోయిండు. పోయిన మ్యాచ్ గా నలుపు మీదనే ఓడిపోయిన్రు. ఇయ్యాల అయిదింటికి ఇంకో మ్యాచ్. సంపత్ పొద్దుగాల ఫోన్ చేసి, "అక్కా, ఇయ్యాల గూడ గట్లనే అయితే నీ జాగల ఇంకొకల్లను చూసుకుంటం, ఏమనుకోకు" అన్నడు. ఆ జట్టును కూడగట్టిందే బ్లెస్సీ. ఏమనుకోకుంట ఎట్లుంటది?

ఎలీసబెతుకు అన్న మీద నమ్మకం. "షార్జాల ఎన్ని మిషన్లు చూసినవో, జర పిల్లది చూడన్నా" అన్నది. తెల్వది అనే మాట సీమోను నోట్ల ఎన్నడూ పుట్టలే. చర్చికి పోయేముందు బ్లెస్సీ రూంల తలుపు పెట్టుకొని జరసేపు కూసున్నడు. బయటికొచ్చి, "చూసిన. అన్నం తిన్నంక చెప్త" అన్నడు.

గా చెప్పుడు కోసమే బ్లెస్సీ గడప మీద కూసున్నది.

సీమోను చాయ్ ఒక గుక్క తాగి, గ్లాసు మంచం కింద పెట్టిండు.

"బిడ్డా, నీది పెద్ద బీమారేం గాదు. షార్జాల మా అర్బాబు కొడుకుకు గిదే అయింది. అర్బాబు అంటే మా సేఠ్ అన్నట్టు భూమవ్వా. ఆ పిలగాడు గేమ్ ఆడుతుంటె తెర టపుక్కున నల్లబడుడు, మల్ల వెలుగుడు, ఆ పిలగాడు ఏడ్సుడు. నేను గప్పుడు ఏదో పని మీద ఆ బంగ్ల కాడికి పోయిన. చూసిన. ఎన్కకు పోయి వైరు గుంజిన, ఉఫ్ అని ఊదిన, మల్ల పెట్టిన. అంతే! మంచిగయింది. పిలగాడు నవ్విండు, నాకు ఖర్జూరాలిచ్చిండు."

ఇంతవరకు ఎవ్వలైనా నమ్మేదే. సీమోను కూడ ఇక్కడ్నే ఆపుదామనుకున్నడు. మనసుల గట్లనే అనుకున్నడు పాపం. గని బ్లెస్సీ ఊకోలే.

"వైరు గుంజి ఊదుడు నేను శాన సార్లు చేసిన మామా. నాలుగు రోజులు మంచిగుంటది, మల్ల గదే."

"మరి నేను చెప్పేది గదే గదా!" సీమోను మంచం మీద సర్దుకొని కాళ్ళు పైకి పెట్టిండు. "నాలుగు రోజులు మంచిగున్నది. అయిదోనాడు మల్ల నల్లబడ్డది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? జపానోళ్ళను పిలిపిచ్చిన్రు. ఆ మానిటర్ తయారుజేసినోళ్ళనే, విమానం పెట్టి. వాళ్ళు అద్దాలు పెట్టుకొని చూసిన్రు, మిషన్ పెట్టి చూసిన్రు, వాళ్ళ బాసల వాళ్ళు కొట్లాడుకున్నరు. ఆఖరుకు చేతులెత్తి, ఇది మాతోని గాదు, సీమోను అనేటోడు ఎవడో ఉన్నడట గద, ఆయన్ని పిలువుండ్రి అన్నరు."

"నీ పేరు వాళ్ళకెట్ల ఎరుక?" రాంచందర్ మోకాలు రుద్దుడు ఆపిండు.

"పేరు పోయేదానికి పాస్‌పోర్ట్ కావాల్నా అన్నా? పోయింది. నేను పోయిన. పోయి వైరు ముట్టలే, స్క్రూ ముట్టలే. మానిటర్ పక్కపొంటి చెయ్యేసి నాడి పట్టిన. కన్నులు మూసుకొని చూస్తే, ఏమున్నది, ఒళ్ళంత సలసల కాలుతున్నది. వడదెబ్బ! ఎందుకంటే ఆ పిలగాడు ఆడే గేమ్ ఎడారిల జరుగుతది. పొద్దంత గా ఎండల ఉరికి ఉరికి తెరకు కళ్ళు తిరిగి పడిపోతున్నది. నల్లబడుడు అంటే ఏమనుకున్నరు? సొమ్మసిల్లుడు!"

"అగొ!" అన్నది భూమవ్వ. ఎండల పడిపోవుడు ఆమెకు ఎరుకైన సంగతి.

"వడదెబ్బకు మనం ఏం జేస్తం? ఒక ఉల్లిగడ్డ తెప్పిచ్చిన. దస్తీల కట్టి మానిటర్ ఎన్క వేలాడదీసిన. జపానోళ్ళు నోట్లు తెరిచి చూస్తున్నరు. ఒకాయన ఫోటో తీసుకున్నడు. ఇప్పుడు ఆడికెల్లి వచ్చే మానిటర్లకు ఎన్క చిన్న కొక్కెం ఉంటది చూసిన్రా? ఉల్లిగడ్డ కట్టేదానికే."

భూమవ్వ నవ్వి నవ్వి కొంగు నోట్ల కుక్కుకున్నది. ఎలీసబెతు కూడ నవ్వుతనే బిడ్డ దిక్కు చూసి, నవ్వు తగ్గిచ్చుకున్నది.

బ్లెస్సీ నవ్వలే. "ఉల్లిగడ్డతోని తగ్గిందా?" అని అడిగింది.

గా అడుగుడు సీమోనుకు కొత్త. ఆయన ముచ్చట్లు వినేటోళ్ళు 'మల్ల?' అని అడుగుతరు, 'అబ్బో' అంటరు. తగ్గిందా అని ఎవ్వలూ అడుగరు. ఆ పిల్ల కళ్ళల్ల నవ్వులాటకని వచ్చిన చూపు లేదు. దవాఖానల లైన్ల కూసున్నోళ్ళ చూపున్నది. సీమోను గొంతు సవరిచ్చుకున్నడు.

"తగ్గింది. గని పూరాగ తగ్గలే. ఎండాకాలం అయిపోయినంక కూడ ఒక్కొక్కపారి టపుక్కుమంటున్నది. నాకు నిద్ర పట్టలే. ఏందిది, మనిషి కన్ను గొట్టినంతసేపు నల్లబడ్తది, మల్ల వెలుగుతది. గా కన్ను గొట్టినంతసేపు లోపల ఏమైతుంది? గా తుపాకులోళ్ళంత ఏడికి పోతున్నరు? అని సోచాయిచ్చిన. ఒక బ్యాటరీ లైటు తీస్కొని తెర ముందు కూసున్న. నల్లబడుడుతోనే, పట్ అని లైటు కొట్టిన. ఏమున్నదో ఎరుకేనా?"

"ఏమున్నది?" భూమవ్వ పీట ముందుకు జరుపుకున్నది.

"అందరు వరుసగ కూసుండి నీళ్ళు తాగుతున్నరు! ఒకడు బూటిప్పి పాదం పిసుక్కుంటుండు. ఒకడు సద్ది విప్పిండు. నన్ను చూసి అందరు ఉలిక్కిపడ్డరు. నేను ఫికర్ చెయ్యకుండ్రి, ఏం సంగతి అన్న. వాళ్ళల్ల పెద్దమనిషి, తలకు కట్టుకట్టి ఉన్నది, లేసి చెప్పిండు. 'అన్నా, పొద్దటి నుంచి పొద్దూకేదాక సచ్చుడు, లేసుడు, మల్ల సచ్చుడు. ఈ పిలగానికి బడి లేదు, పని లేదు. మాకు షిఫ్ట్ లేదు, సెలవు లేదు. జర దమ్ము తీసుకుందామని మేమే తెర బంద్ చేస్తున్నం' అన్నడు."

రాంచందర్ మెట్టు మీద నిటారుగ అయిండు. బొగ్గుబాయిల యూనియన్‌ల తిరిగిన మనిషి. "అరె, అడుగుతే తప్పేంది? మూడు షిఫ్టులు ఉండాలె గద!"

"గదే నేనన్న! సమ్మె గట్ల దొంగచాటుగ చెయ్యద్దు, నోటీసిచ్చి చెయ్యాలె అన్న. నేను మంచిర్యాలోన్ని, మా దిక్కు సమ్మె అంటే ఎట్లుంటదో చూపిస్త అని, వాళ్ళతోని జెండ పట్టిపిచ్చిన. మర్నాడు అర్బాబు కొడుకు గేమ్ పెట్టేసరికి ఒక్కడు తుపాకి ముట్టలే. తెర మీద అటోళ్ళు ఇటోళ్ళు ఒక్కటై బైఠాయించిన్రు. అర్బాబు ఉరికొచ్చిండు. రెండు దిక్కుల నడుమ నేను కూసుండి మాట్లాడిన. ఎనిమిది గంటల డ్యూటీ, ఆదివారం సెలవు."

"సచ్చినోళ్ళకు ఏమన్న ఇప్పిచ్చినవా?" రాంచందర్ గొంతుల నవ్వు లేదు. "బాయిల దెబ్బ తాకితె ఇచ్చేది."

"సచ్చినప్పుడల్లా ఒక పూట రెస్టు. రాసిపిచ్చిన."

"బేష్!" అన్నడు రాంచందర్.

"ఇగ చూడుండ్రి. ఒప్పందం మీద దస్కతు పడ్డనాడు ఆ తెర ఎట్ల వెలిగిందో ఎరుకేనా? ఆ పిలగాడు నల్లద్దాలు పెట్టుకున్నడు. బంగ్ల గోడలల్లకెల్లి వెలుగు బయటికొచ్చింది. సముద్రంల ఓడలోళ్ళు ఇటేదో రేవున్నదని మలుపుకొని వచ్చి ఇసుకల దిగబడ్డరు. ఒంటెలు తెల్లారిందని లేసి నడిచినయి. అర్బాబు నా రెండు చేతులు పట్టుకొని, 'సీమోనూ, ఈ కంపెనీ నువ్వే ఉంచుకో, నేను నీ కాడ పని చేస్త' అన్నడు. నాకొద్దు సేఠ్, మా చెల్లె చేసే సర్వపిండి మీద మనసైంది, ఇంటికి పోత అన్న."

ఎలీసబెతు సిగ్గుపడ్డది. భూమవ్వ కళ్ళు తుడుసుకున్నది. సందుల పోయే ఇద్దరు ముగ్గురు కూడ గేటు కాడ ఆగి నవ్వుతున్నరు. సీమోనుకు కడుపు నిండినట్టయింది. ఇట్ల నిండుతదనే గదా ఆయన ఇదంత చెప్పేది. క్యాంపుల నూర్లమందికి అన్నం పెట్టిండు, తిన్నోడు ఒక్కడన్న ఆయన మొఖం దిక్కు చూడలే. గిన్నె దిక్కే చూసిన్రు. ఇక్కడ వరండాల అందరు ఆయన మొఖమే చూస్తరు.

బ్లెస్సీ లేసి నిలబడ్డది.

"మామా, నాకు అయిదింటికి మ్యాచ్. నువ్వు పొద్దున నా రూంల కూసున్నవు గద. ఏమన్న దొరికిందా? లేకుంటే లేదను. నేను సంపత్‌కు ఫోన్ చేసి చెప్పుకుంట, నా జాగల ఇంకొకల్లను పెట్టుకొమ్మని."

ఎలీసబెతు అన్న మొఖం చూసింది.

లేదు బిడ్డా అంటే అయిపోయేది. సీమోను నోరు తెరిచిండు కూడ. గని నోరు తెరిస్తె వచ్చేది ఒక్కటే తీరు.

"దొరకకపోవుడేంది? నీ మానిటర్ నన్ను చూసి గుర్తుపట్టింది! షార్జా ముచ్చట దానికి ఎట్ల తెల్సిందో ఏమో. నేను కూసున్నంతసేపు బుద్ధిమంతురాలు లెక్క వెలుగుతనే ఉన్నది. ఇగ చాలని లేసిన. లేసుడుతోనే తెర నల్లగ జేసి తల దించింది! పెద్దమనిషి లేస్తె చిన్నోళ్ళు లేసి దండం పెట్టరా, గట్ల. నేను నవ్వి మల్ల కూసున్న. కూసునేటప్పుడు మల్ల దండం పెట్టింది. మల్ల లేసిన, మల్ల గదే. చాలు బిడ్డా చాలు, గింత మర్యాద ఎందుకు అని చెప్పి బయటికొచ్చిన."

"ఇది మాత్రం మరీ ఎక్కువైంది సీమోనూ!" భూమవ్వ పీట మీదికెల్లి ఒరిగిపోయింది. "సమ్మెనన్న నమ్మొచ్చు!" గేటు కాడోళ్ళు కూడ గొల్లుమన్నరు.

అందరు అన్నిటికన్న పెద్దగ నవ్విన గా మాటల దండం ఒక్కటే కోత. తక్కినదంత జరిగిందే. పొద్దున ఆయన ఏదీ ముట్టలే, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని కంప్యూటర్ ముందటి చక్రాల ఆఫీసు కుర్చీల కూసున్నడు. ఏం చెయ్యాల్నో తెల్వక లేసిండు. తెర నల్లబడ్డది. పిల్లదాన్ని ఆగం చేసిన, మిషన్ కరాబు చేసిన అనుకొని దభేల్న కూసున్నడు. మల్ల నల్లబడి, మల్ల వెలిగింది. పిల్లి లెక్క లేసిండు. మల్ల గదే. ఎనుకకు తిరిగి చూడకుంట తలుపు పెట్టి బయటపడ్డడు. చర్చిల పాట పాడుతున్నంతసేపు గా నల్ల తెరనే కళ్ళల్ల ఆడింది. గా భయానికే ఇప్పుడు మీసం పెట్టి వరండాలకు తెచ్చిండు.

"మామా," బ్లెస్సీ దగ్గరికొచ్చింది. "గేమ్ పెట్టినవా?"

"గేమ్ పెట్టుడు నాకేడ..." సీమోను నాలిక కరుసుకున్నడు. "గేమ్ అక్కర్లేదు నాకు. ఉత్తగ తెర మీద పూలబొమ్మ ఉండె."

"గేమ్ లేకుంటనే నల్లబడ్డదా? నువ్వు లేసినప్పుడల్లా?"

"లేసినప్పుడల్లా."

"నిజమా మామా? ఇది కోత గాదు గద?"

నిజమా అని ఆయన్ని ఎవ్వలన్న అడిగి ఎన్నేండ్లయిందో. "నిజమే బిడ్డా" అన్నడు మెల్లగ, భూమవ్వకు వినపడకుంట.

బ్లెస్సీ ఆయన చెయ్యి పట్టుకొని లోపలికి గుంజుకపోయింది. ఎలీసబెతు ఎనుక వచ్చింది. పిల్ల మానిటర్ వెలిగిచ్చింది, పూలబొమ్మ వచ్చింది.

"కూసో మామా."

కూసున్నడు.

"లెవ్వు."

లేసిండు. తెర టపుక్కున నల్లబడ్డది. రెప్పపాటుల పూలబొమ్మ మల్ల వచ్చింది.

ఎలీసబెతు "యేసయ్యా" అని గోడకు ఒరిగింది.

"కూసో. లెవ్వు. మల్ల కూసో." పిల్ల బడిల డ్రిల్ సారు లెక్క చెప్తున్నది. సీమోను కూసుంటుండు, లేస్తుండు. ప్రతిపారి గాదు గని, రెండింటికి ఒకపారి తెర నల్లబడ్తనే ఉన్నది. ఆయన మొఖం మెల్లగ వెలిగింది. తన కోత తనకే నిజమైతుంటె ఏ మనిషికైనా ఎట్లుంటది? ఛాతి ముందుకొచ్చింది.

"చెప్పిన గద బిడ్డా. నన్ను చూసి..."

"నిన్ను చూసి గాదు మామా. నీ కింది కుర్చీని చూసి."

బ్లెస్సీ వంగి కుర్చీ కింద చెయ్యి పెట్టి చూపిచ్చింది. కూసునే జాగను పైకి కిందికి జరిపే ఇనుప గొట్టం, లోపల గ్యాస్ ఉంటది. మానిటర్‌కు పోయే వైరు దాని పక్కపొంటే నేల మీద పడి ఉన్నది. ఫోన్ తీసి ఏదో కొట్టి చూసింది, చదివింది, తల ఊపింది. "ఏ దేశాలోళ్ళకో కూడ గిట్లనే అయిందట. నైలాన్ చీర విప్పుతుంటె చిటచిటమంటది చూడమ్మా, గసొంటి కరెంటు. బరువు పడ్డప్పుడు, లేసినప్పుడు గొట్టంల పుడ్తది. గా వైరుకు తాకుతది. మ్యాచ్‌ల జోరు మీద నేను కుర్చీల ఊకె ఎగురుత, దుంకుత. ఫ్లెక్సీ చేస్తున్నప్పుడు కదలకుంట కూసుంట. దుకాణంల వాళ్ళకు మా కుర్చీ లేకపాయె! మానిటర్, కుర్చీ ఒక్కనాడే కొన్నం, నల్లబడుడు మొదటిసంది ఉన్నదే, ఇగ కుర్చీ మీద అనుమానమేడ వస్తది?"

వైరును గోడ పొంటి పైకి కట్టింది. వంటింట్లకెల్లి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఏసింది.

"కూసో మామా."

సీమోను కూసున్నడు. లేసిండు. పూలబొమ్మ అట్లనే ఉన్నది. మల్ల కూసున్నడు, ఈపారి జర బరువుగ. మల్ల లేసిండు, గట్టిగ. ఎవ్వలు చెప్పకున్నా ఇంకోపారి కూసుండి లేసిండు. తెర కదలలే, మెదలలే. సీమోను అనేటోడు ఒకడు ఆ రూంల ఉన్నడని కూడ దానికి ఎరుక లేదు.

బ్లెస్సీ మామ మెడ చుట్టు చేతులేసింది. "నువ్వు చెప్పకుంటె నాకు తెల్సేదే గాదు" అన్నది. గంతల్నే ఫోన్ మోగింది. సంపత్. పిల్ల చెవులకు హెడ్‌ఫోన్ తగిలిచ్చుకొని ప్లాస్టిక్ కుర్చీల కూసున్నది. "మామా, జర గా చక్రాల కుర్చీ బయటికి తీస్కపో" అన్నది, తెర మీదికెల్లి చూపు తిప్పకుంటనే.

సీమోను కుర్చీని నూక్కుంట వరండాలకు తెచ్చిండు. ఎవ్వలూ పోలే. రాంచందర్ మెట్టు మీదనే ఉన్నడు, భూమవ్వ పీట మీదనే ఉన్నది. గేటు కాడోళ్ళు లోపలికొచ్చి గోడ మీద ఎక్కి కూసున్నరు. సీమోను కుర్చీని ఒక మూలకు పెట్టి, మంచం మీద కూసుండి, చల్లారిన చాయ్ గ్లాసు చేతుల పట్టుకున్నడు. ఎవ్వలు అడిగినా తల ఊపుడే. లోపల బ్లెస్సీ ఒర్రుడు వినపడుతున్నది: "ఎడమకు! ఎడమకు సంపత్! నేనున్న, నువ్వు పో!"

శానసేపటికి ఎలీసబెతు తలుపు కాడికొచ్చింది. మొఖమంత నవ్వు.

"గెలిచిన్రట! ఒక్కపారి కూడ నల్లబడలే అన్నా, ఒక్కపారి కూడ!"

వరండాల ఉన్నోళ్ళంత సీమోను దిక్కు మర్లిన్రు. రాంచందర్ మెట్టు దిగి మంచం దగ్గరికొచ్చి, "ఏం జేసినవ్ సీమోనూ? ఈపారి ఏం జేసినవో చెప్పు" అన్నడు. భూమవ్వ పీట జరుపుకొని, కొంగు సర్దుకొని, నవ్వేటందుకు తయారై కూసున్నది.

సీమోను అందరి మొఖాలు చూసిండు. గంతమంది ఆయన నోటి దిక్కు చూస్తుంటె జరసేపు ఏదో మెదిలింది ఆయనల. గని లోపల పిల్ల నవ్వు వినపడ్తనే ఉన్నది. ఎందుకో, ఉన్నదున్నట్టు చెప్పబుద్ధయింది.

"నేనేం చెయ్యలే" అన్నడు. "కుర్చీ మార్చినం. గా చక్రాల కుర్చీల కూసుండి లేస్తె తెర నల్లబడుతుండె. ప్లాస్టిక్ కుర్చీ ఏసినం, మంచిగయింది. గంతే."

ఎవ్వలూ నవ్వలే. రాంచందర్ మూలకున్న కుర్చీని ఒకపారి, సీమోనును ఒకపారి చూసి మల్ల పోయి మెట్టు మీద కూసున్నడు. భూమవ్వ పీట తీసుకొని లేసింది.

"కుర్చీల మనిషి లేస్తె టీవీ నల్లబడ్తదా ఎక్కడన్న?" అన్నది గేటు దాటుకుంట. "జర నమ్మేటట్టు చెప్పు సీమోనూ. మరీ గంత కోత కొయ్యకు."